గర్భిణి బీడీకి జరిమానా: పాలమూరులో ఒక తీర్మానం, ఒక కాన్పు

కడుపుతో ఉన్న ఆడమనిషి పొగ తాగితే దాన్ని నేరంగా పరిగణించాలా అన్న ప్రశ్నకు, కాన్పుల గదిలో పదేళ్లకు పైగా పనిచేసిన వైద్యురాలిగా నేను చాలాకాలం "పరిగణించాలి" అనే జవాబిచ్చాను. కిలోన్నర బరువుతో పుట్టి, చర్మం ముడతలు పడి, ఏడవడానికి కూడా శక్తి లేని శిశువును చేతుల్లోకి తీసుకున్నప్పుడు, ఆ తల్లి నోట బీడీ వాసన వస్తుంటే, ఎవరికైనా ముందు కోపమే వస్తుంది. నా జవాబు మారడానికి కారణమైన కేసు ఇది. ఆమె అనుమతితో రాస్తున్నాను. ఆమె పేరు గానీ, ఊరి పేరు గానీ ఇందులో ఉండవు.

2023లో నేను నారాయణపేట జిల్లాలో, కోస్గి వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మెడికల్ ఆఫీసర్‌గా ఉన్నాను. ఆ ప్రాంతపు వలసల సంగతి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పనక్కరలేదు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని, దసరా దాటగానే ఆలుమగలు ముంబైకో పుణెకో పోయి, భవనాల పనుల్లో, మట్టి పనుల్లో ఏడెనిమిది నెలలు ఉండి, తొలకరికి తిరిగి వస్తారు. మా దగ్గర గర్భిణుల నమోదు ఆలస్యం కావడానికి ఇదే పెద్ద కారణం. మూడో నెలలో రావలసిన వాళ్లు అయిదో నెలలోనో ఆరో నెలలోనో వస్తారు.

ఈమె నాలుగో నెలలోనే వచ్చింది. వయసు 23. మూడో గర్భం. పెద్ద బిడ్డకు నాలుగేళ్లు, పుట్టినప్పటి బరువు 2.2 కిలోలు. రెండో కాన్పు ముంబైలో, పని జరుగుతున్న చోటికి దగ్గరలో, ఎనిమిదో నెల నిండకముందే అయింది. మగబిడ్డ, 1.6 కిలోలు, తొమ్మిదో రోజున చనిపోయాడు. ఈసారి మాత్రం "ఇంటికాడనే కాన్పు కావాలె" అని పట్టుబట్టి, మొగుణ్ణి మేస్త్రీ దగ్గర వదిలి, అత్తతో కలిసి ముందే ఊరికి వచ్చేసింది. ఆ పట్టుదలను నేను కేస్ షీట్‌లో రాయలేదు. రాయవలసిందని తర్వాత తెలిసింది.

మొదటి పరీక్షలో బరువు 41 కిలోలు, హిమోగ్లోబిన్ 8.1 గ్రాములు, రక్తపోటు మామూలుగానే ఉంది. రిజిస్టరులో "పొగాకు వాడకం" అన్న చోట ఏఎన్ఎం "లేదు" అని రాసింది. అత్త పక్కన నిలబడి ఉండగా, వరండాలో, నలుగురి ముందు అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు అది. లోపల పరీక్ష బల్ల ఎక్కుతుంటే ఆమె రొంటిన దోపుకున్న బీడీ కట్ట, అగ్గిపెట్టె జారి కింద పడ్డాయి. ఆమె గబుక్కున ఆ కట్ట మీద కాలు పెట్టింది. అలా ఒంటికాలి మీద, బల్ల అంచు పట్టుకుని, నా ముఖం వైపు చూస్తూ నిలబడింది. నేను వంగి ఆ కట్ట తీసి, ఏమీ అనకుండా ఆమె చేతిలో పెట్టాను. నర్సును బయటికి పంపి, తలుపు దగ్గరికి వేసి, "రోజుకు ఎన్ని తాగుతవమ్మా?" అని అడిగాను. "తాగుతవా" అని అడిగితే లేదంటారు. "ఎన్ని" అని అడిగితే లెక్క చెబుతారు. ఏడెనిమిది అని చెప్పింది.

ఎప్పుడు మొదలైందంటే ఆమె చెప్పిన మాట ఇది: "సిన్నప్పుడు మా నాయన బీడీ ముట్టిచ్చుకరమ్మని పొయ్యికాడికి తోలేటోడు మేడమ్. ముట్టియ్యాల్నంటె ఒక దమ్ము గుంజాలె గద." అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్లు. మన పల్లెల్లో ఇంటి పెద్దకు బీడీ గానీ చుట్ట గానీ అంటించి తెచ్చే పని చిన్నపిల్లలదే. దాన్ని ఎవరూ తప్పుగా చూడరు. పెళ్లయి పనికి పోయాక అది ఆకలికి మందు అయింది. "పొద్దుగాల తొమ్మిదింటికి తింటె మల్ల మూడింటికే తినుడు. నడుమ ఆకలైతె ఒక బీడీ తాగితె ఆకలి సస్తది." నికోటిన్ ఆకలిని అణచివేస్తుందని మేము పుస్తకాల్లో చదువుకున్నాం, ఆమె ఇటుకల తట్ట మోస్తూ నేర్చుకుంది.

తర్వాత ఆమె అడిగిన ప్రశ్నకు నేను సిద్ధంగా లేను. "పోయిన పిలగాడు నా బీడీకే పోయిండా మేడమ్?" ఒక్క బిడ్డ విషయంలో ఫలానా కారణమేనని ఏ వైద్యులూ తేల్చి చెప్పలేరు. రక్తహీనత ఉంది, ఏడో నెల దాకా మోసిన బరువులు ఉన్నాయి, నెలలు నిండని కాన్పు ఉంది, బీడీ కూడా ఉంది. ఉన్నది ఉన్నట్టు అలాగే చెప్పాను. ఈసారి మన చేతిలో ఉన్నవాటిలో బీడీ ఒకటని చెప్పాను. ఐరన్ మాత్రలు, అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి భోజనం, రోజూ గుడ్డు, పాలు తప్పకుండా తీసుకోమన్నాను. తిన్న వెంటనే తాగే బీడీని ఉంచుకుని, ఆకలికి తాగే బీడీలు ముందు మానేయమన్నాను. ఆకలికి అన్నం దొరికితే ఆ బీడీలు వాటంతట అవే తగ్గుతాయన్నది నా అంచనా. నెల తిరిగేసరికి ఎనిమిది నాలుగయ్యాయి. హిమోగ్లోబిన్ 8.9కి పెరిగింది. అంతవరకు కేసు సవ్యంగానే నడిచింది.

ఇక్కడ బీడీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సిగరెట్ కంటే బీడీ నయమని మన దగ్గర చదువుకున్నవాళ్లు కూడా అనుకుంటారు. బీడీలో పొగాకు తక్కువే, కానీ తునికాకు త్వరగా ఆరిపోయే గుణం కలది కాబట్టి తాగేవాళ్లు మాటిమాటికీ, గట్టిగా దమ్ము లాగవలసి వస్తుంది. అందువల్ల లోపలికి పోయే కార్బన్ మోనాక్సైడ్ తక్కువేమీ కాదు. ఈ వాయువు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు మించిన బలంతో పట్టుకుంటుంది. హిమోగ్లోబిన్ 8 గ్రాములే ఉన్న తల్లిలో, ఉన్న కాస్త హిమోగ్లోబిన్‌లోనూ కొంత భాగాన్ని పొగ ఆక్రమిస్తే, మాయ గుండా బిడ్డకు చేరవలసిన ఆక్సిజన్‌లో ఎంత కోత పడుతుందో ఊహించుకోవచ్చు. కడుపులోని బిడ్డ రక్తంలో ఈ వాయువు తల్లి రక్తంలో కంటే ఎక్కువగా చేరి, ఎక్కువసేపు నిలుస్తుంది. నికోటిన్ రక్తనాళాలను కుంచింపజేస్తుంది. ఫలితంగా బిడ్డ బరువు సగటున 150 నుంచి 250 గ్రాముల దాకా తగ్గుతుంది. మాయ ముందే విడిపోవడం, నెలలు నిండని కాన్పు, కడుపులోనే బిడ్డ చనిపోవడం వంటి ప్రమాదాలు పెరుగుతాయి. మూడు కిలోలతో పుట్టవలసిన బిడ్డకు 200 గ్రాములు పెద్ద లోటుగా కనిపించకపోవచ్చు. మా దగ్గర బిడ్డలు మొదటే 2.4, 2.5 దగ్గర ఉంటారు, ఆ 200 గ్రాములే వాళ్లను తక్కువ బరువు గీత కిందికి తోసేస్తాయి.

నమిలే పొగాకులో పొగ లేదు కాబట్టి హాని లేదని మరో అపోహ ఉంది. ముంబైలో గర్భిణులపై చేసి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, పొగాకు నమిలే తల్లుల బిడ్డలు సగటున 105 గ్రాములు తక్కువ బరువుతో పుట్టినట్టు తేలింది. 2016–17 నాటి జాతీయ పొగాకు సర్వే ప్రకారం మన దేశంలో పొగ తాగే స్త్రీలు 2 శాతం, నమిలే స్త్రీలు 12.8 శాతం. అంటే గర్భిణుల విషయంలో "పొగ తాగడం" ఒక్కదాని మీదే చట్టం చేస్తే, అది అసలు సమస్యలో చిన్న ముక్కను మాత్రమే తాకుతుంది. ఈ లెక్క ఎంత నిజమో నాకు ఈ కేసులోనే అర్థమైంది.

ఆమె అయిదో నెలలో ఉండగా ఆ ఊరి సర్పంచ్ ఇంట్లో ఒక ఘోరం జరిగింది. ఆయన చిన్న కోడలికి ఎనిమిదో నెలలో బిడ్డ కడుపులోనే చనిపోయింది. ఆ అమ్మాయి గుట్కా నమిలేది. ఆ దుఃఖంలో ఆయన గ్రామసభ పెట్టించి ఒక తీర్మానం చేయించారు: గర్భిణి బీడీ, చుట్ట తాగినా, గుట్కా, తంబాకు నమిలినా ఇంటివాళ్లు పంచాయతీకి 1,000 రూపాయలు కట్టాలి, ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి అలాంటివాళ్ల పేర్లు చెప్పాలి, రెండోసారి దొరికితే సర్కారు ఇచ్చే కాన్పు డబ్బులు ఆపించాలి. ఆ డబ్బులు ఆపించే అధికారం పంచాయతీకి లేదు, ఆ జరిమానాకు చట్టంలో ఆధారమూ లేదు. కానీ ఊరికి ఆ సంగతి ఎవరు చెబుతారు?

ఆ సభకు నన్ను పిలిచారు. నేను వెళ్లాను. పొగాకు వల్ల బిడ్డకు కలిగే హాని గురించి ఇరవై నిమిషాలు మాట్లాడాను. జరిమానా సంగతి వచ్చినప్పుడు మౌనంగా కూర్చున్నాను. భయంతోనైనా నాలుగు నెలలు మానితే బిడ్డ బతుకుతుంది గదా అని ఆ క్షణంలో నాకనిపించింది. ఒక తాతగా ఆయన ఏడుస్తూ చెప్పిన మాట కూడా నన్ను కట్టేసింది: "కడుపుల బిడ్డకు నోరు లేదు మేడమ్. దాని తరఫున ఎవలో ఒకలు మాట్లాడాలె." ఆ మాట తప్పని నేను ఇప్పటికీ అనలేను. ఆ రోజు మాట్లాడకపోవడం మాత్రం నా తప్పే.

ప్రతి నెలా 9వ తేదీన మా దగ్గర గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి. ఆ ఊరి నుంచి నమోదైన గర్భిణులు ఏడుగురు. సభ తర్వాతి నెలలో ముగ్గురే వచ్చారు. ఈమె రాలేదు. ఆశా కార్యకర్త వెళితే ఇంట్లో లేదన్నారు. ఆ మరుసటి నెలా అంతే. అప్పటిదాకా ఆ ఆశా అక్కను ఇంట్లోకి పిలిచి, చాప వేసి కూర్చోబెట్టి, చాయ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు గడప అవతలి నుంచే "అంత మంచిగనే ఉన్నం, పో అక్కా" అనడం మొదలుపెట్టారు. ఆమె నా గదిలోకి వచ్చి, "మేడమ్, నన్ను పోలీసుల లెక్క జూస్తున్రు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మందులిచ్చే చేతికే పేర్లు రాసే పని కూడా అప్పగిస్తే, ఆ చేతి మందు ఎవరూ తీసుకోరు.

ఏడో నెలలో, 29వ వారం దాటాక, ఒక రాత్రి పదకొండు గంటలకు ఆమెను ఆటోలో తెచ్చారు. రక్తస్రావం. సాయంత్రం అయిదింటికే మొదలైందట. ఊళ్లో ఆర్‌ఎంపీ ఒక సూది వేసి, "ఏం గాదు, పండుకో" అన్నాడట. కాలు జారి పడిందని అత్త చెప్పింది. ఒంటి మీద ఎక్కడా దెబ్బ లేదు. గర్భాశయం ఎత్తు టేపుతో కొలిస్తే 25 సెంటీమీటర్లు మాత్రమే ఉంది, ఆ వారానికి నాలుగు సెంటీమీటర్లు తక్కువ. బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తోంది. మాయ విడిపోవడం మొదలైందేమోనన్న అనుమానంతో, బిడ్డ ఊపిరితిత్తులు పక్వమయ్యేందుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ మొదటి మోతాదు ఇచ్చి, 108లో మహబూబ్‌నగర్ పెద్దాసుపత్రికి పంపుతూ, నేనూ వెంట వెళ్లాను.

దారిలో ఆమె చెయ్యి నా చేతిలో ఉంది. సగం దూరం పోయాక, అత్త కునుకు తీస్తున్నప్పుడు, నెమ్మదిగా చెప్పింది. బీడీ మానేసిందట. "బీడీ తాగితె వాసనొస్తది మేడమ్. ఎవలన్న జెప్తరని మానేసిన." దానికి బదులు సున్నం కలిపిన తంబాకు దవడన పెట్టుకోవడం మొదలుపెట్టిందట. రోజుకు ఎన్నిసార్లో లెక్క లేదు, రాత్రి పడుకునేటప్పుడు కూడా. ఆ సాయంత్రం రక్తం కనబడగానే మా దగ్గరికి వద్దామంటే, పళ్లు చూస్తే తెలిసిపోతుందని, జరిమానా పడుతుందని, కాన్పు డబ్బులు పోతాయని అత్త ఆపిందట. అయిదు నుంచి పదకొండు దాకా ఆరు గంటలు అలా పోయాయి.

రక్తస్రావం రెండో రోజుకు తగ్గింది. నాలుగు రోజుల తర్వాత ఇంటికి పంపారు. మాయ అంచున చిన్నగా విడిపోయినట్టు స్కానింగ్‌లో కనిపించింది, బిడ్డ ఎదుగుదల వెనుకబడి ఉంది. తంబాకు వల్లనే ఇదంతా జరిగిందని నేను అనడం లేదు. నేను చూసిందల్లా ఇది: జరిమానా పొగాకును ఆపలేదు, దాని రూపాన్ని మార్చింది. రోజుకు నాలుగు బీడీలకు దిగివచ్చిన మనిషి, ఎవరికీ కనబడకుండా అంతకంటే ఎక్కువ నికోటిన్ తీసుకుంది. ఆమెకు రక్తం పోతున్నప్పుడు మొదట గుర్తొచ్చింది ఆసుపత్రి కాదు, పంచాయతీ ఆఫీసు.

అలా జరగడం మన ఊరికే ప్రత్యేకం కాదు. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రం 2014లో, గర్భంతో ఉండి మత్తుమందులు వాడిన స్త్రీపై, బిడ్డకు హాని జరిగితే దాడి కేసు పెట్టేందుకు వీలు కల్పించే చట్టం తెచ్చింది. కేసుల భయంతో గర్భిణులు పరీక్షలకు రాకుండా తప్పించుకుంటున్నారని అక్కడి వైద్యులు మొత్తుకున్నారు. రెండేళ్ల గడువుతో తెచ్చిన ఆ చట్టాన్ని 2016లో పొడిగించకుండా వదిలేశారు. అంతకుముందు దక్షిణ కరోలినాలోని ఒక ప్రభుత్వాసుపత్రిలో గర్భిణుల మూత్రాన్ని వాళ్ల అనుమతి లేకుండా కొకైన్ కోసం పరీక్షించి, ఫలితాలను పోలీసులకు ఇచ్చేవారు. అది రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 2001లో తీర్పు చెప్పింది. ఇంగ్లండ్‌లో, గర్భంతో ఉండగా విపరీతంగా మద్యం తాగిన తల్లి చేసింది నేరం కిందికి రాదని అక్కడి అప్పీలు కోర్టు 2014లో తేల్చింది. ఇవన్నీ మత్తుమందులకు, మద్యానికి సంబంధించినవి, బీడీకి కాదు. అయినా పరీక్ష గదిలో అడిగే ప్రశ్న పోలీసు ప్రశ్నగా మారితే ఏమవుతుందన్నది అన్నిచోట్లా ఒకే తీరుగా ఉంది.

అంత దూరం కూడా పోనక్కరలేదు. 18 ఏళ్లు నిండని అమ్మాయి గర్భంతో వస్తే, పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం ప్రకారం మేము పోలీసులకు తెలియజేయాలి. ఆ చట్టం ఉద్దేశం పిల్లలను కాపాడటం, దాని అవసరాన్ని నేను కాదనను. కానీ పదిహేడేళ్లకే పెళ్లి చేసిన కుటుంబాలు ఆ భయంతో అమ్మాయిని మా దగ్గరికి తేవడం మానేసి, ఆర్‌ఎంపీ దగ్గరికో, ఆధార్‌లో వయసు దిద్దించుకునే చోటికో పోవడం నేను కళ్లారా చూశాను. గర్భస్రావం కోసం వచ్చిన మైనర్ల విషయంలో, వాళ్లు కోరితే పోలీసులకు ఇచ్చే సమాచారంలో పేరు, వివరాలు వెల్లడించనక్కరలేదని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో చెప్పింది. ఈ భయం ఎంత నష్టం చేస్తుందో దేశ అత్యున్నత న్యాయస్థానమే గుర్తించిందన్నమాట.

మన చట్టాలు ఇప్పుడు ఏమంటున్నాయో కూడా చూడాలి. గర్భిణి పొగ తాగడాన్ని నేరంగా చెప్పే చట్టం దేశంలో ఏదీ లేదు. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 88 నుంచి 92 వరకు ఉన్న సెక్షన్లు గర్భస్రావం, పుట్టబోయే బిడ్డ మరణం గురించినవి. అవి బుద్ధిపూర్వకంగా చేసిన పనులకు సంబంధించినవి, అలవాటుగా తాగే బీడీ వాటి పరిధిలోకి వచ్చేది కాదు. ఇక పొగాకుపై 2003లో వచ్చిన చట్టం బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించి 200 రూపాయల దాకా జరిమానా పెట్టింది. 18 ఏళ్ల లోపు వాళ్లకు అమ్మకూడదంది. బడికి 100 గజాల లోపల అమ్మకూడదంది. 2015 నాటి బాల న్యాయ చట్టం పిల్లలకు పొగాకు ఇచ్చినవాళ్లకు ఏడేళ్ల దాకా జైలు శిక్ష వేయవచ్చంటోంది. గుట్కా అమ్మకంపై రాష్ట్రంలో నిషేధం ఉంది.

ఆ ఊళ్లో ప్రాథమిక పాఠశాల గేటు నుంచి కిరాణా దుకాణం దాకా నేను నడిచి చూశాను. నలభై రెండు అడుగులు. దుకాణం ముందు గుట్కా ప్యాకెట్ల దండలు వేలాడుతున్నాయి. బీడీలు కట్ట విప్పి విడిగా అమ్ముతున్నారు, కాబట్టి 2016 నుంచి కట్ట మీద 85 శాతం మేర ముద్రించాల్సిన హెచ్చరిక బొమ్మ కొనేవాళ్లకు కనబడనే కనబడదు. నాయనకు బీడీలు తెమ్మని పంపిన ఏడేళ్ల పిల్లవాడు నా కళ్లముందే రెండు బీడీలు కొనుక్కుని పోయాడు. ఈమె ఎనిమిదేళ్లప్పుడు జరిగిందీ ఇదే. అమల్లో ఉన్న మూడు చట్టాలు ఆ నలభై రెండు అడుగుల్లో ఉల్లంఘన అవుతుంటే, లేని నాలుగో చట్టాన్ని మేము గర్భిణి మీద పెట్టాం. ఇది రాస్తున్నప్పుడు గుర్తుకొచ్చిన మరో సంగతి: 2025 సెప్టెంబరులో జీఎస్టీ మండలి సిగరెట్లపై పన్నును 40 శాతానికి పెంచాలని, బీడీలపై మాత్రం 28 నుంచి 18 శాతానికి తగ్గించాలని నిర్ణయించింది. నిజామాబాద్, జగిత్యాల వైపు బీడీలు చుట్టి బతికే లక్షల మంది ఆడవాళ్ల ఉపాధి కోసమైతే ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ బీడీ చవకైనప్పుడు దాన్ని తాగే పేద గర్భిణికే శిక్ష వేయాలనడం నాకు న్యాయంగా తోచదు.

నేను హౌస్‌సర్జన్‌గా ఉన్నప్పుడు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఆరోగ్య శిబిరాలకు వెళ్లేదాన్ని. ఫ్లోరైడ్ నీళ్లు తాగి కాళ్లు వంకర్లు పోయిన పిల్లలు, నడుము వంగిన తల్లులు. ఆ నీళ్లు తాగుతూ కన్నందుకు ఏ తల్లినీ ఎవరూ దోషిని చేయలేదు. నీళ్లు మార్చమని దశాబ్దాలు కొట్లాడారు, చివరికి కృష్ణా నీళ్లు వచ్చాయి. నీళ్లు తాగక తప్పదు, బీడీ మానవచ్చు అని ఒకరు నాతో వాదించారు. తేడా ఉంది, ఒప్పుకుంటాను. కానీ ఎనిమిదేళ్ల పిల్ల చేతికి పొయ్యి దగ్గర బీడీ ఇచ్చి, పద్దెనిమిదేళ్లకు ఆకలి తప్ప వేరే దారి లేని పనికి పంపి, ఇరవై మూడేళ్లకు "నీ ఇష్టంతోనే తాగావు" అంటే, ఆ ఇష్టంలో ఆమె వాటా ఎంతో కూడా తూచాలి.

మహబూబ్‌నగర్ నుంచి తిరిగి రాగానే నేను సర్పంచ్ గారింటికి వెళ్లాను. ఆ రాత్రి సంగతి ఆమె పేరు లేకుండా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "మరి ఏం జేద్దం మేడమ్, ఊకుందమా?" అన్నారు. ఊరుకోవద్దన్నాను. దుకాణంతో మొదలుపెడదామన్నాను. ఇంట్లో గర్భిణి ఉన్నన్నాళ్లు ఆ ఇంటి మగవాళ్లు, పెద్దవాళ్లు గడప లోపల పొగ తాగకూడదని ఊరు కట్టడి పెట్టుకోవచ్చన్నాను. ఆశా అక్కను పేర్లు అడగొద్దన్నాను. తర్వాతి సభలో పాత తీర్మానం తీసేశారు. గుట్కా దండలు దుకాణం లోపలికి పోయాయి. అమ్మకం పూర్తిగా ఆగిందని నేను చెప్పలేను. పిల్లల చేతికి బీడీలు ఇవ్వడం మాత్రం ఆగింది, ఎందుకంటే ఆ విషయంలో ఊళ్లో తల్లులే కాపలా ఉన్నారు.

ఈమె భర్తకు ఫోన్ చేసి రప్పించాం. అతనికి, అత్తకు కలిపి చెప్పాను. అత్త చుట్ట తాగుతుంది, నలభై ఏళ్ల అలవాటు. "అవ్వా, నిన్ను మానమంటలేను. వాకిట్ల తాగు, ఇంట్ల వద్దు" అన్నాను. ఆమె నా మాట మీద వానలోనూ పశువుల కొట్టం దగ్గరికి వెళ్లి తాగిందని ఆశా అక్క చెప్పింది. భర్త జాతీయ క్విట్‌లైన్ 1800112356కు రెండుసార్లు మాట్లాడి, సగానికి తగ్గించాడు. ఈమెకు నికోటిన్ బిళ్లలు గానీ మందులు గానీ ఇవ్వలేదు. గర్భంలో వాటి వాడకం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా జాగ్రత్తగానే మాట్లాడుతుంది. వారానికోసారి ఆశా అక్క వెళ్లి కూర్చోవడం, దవడన తంబాకు పెట్టుకోవాలనిపించినప్పుడు నోట్లో వేసుకునేందుకు సోంపు, వేయించిన శనగలు దగ్గర ఉంచడం, ఐరన్ సుక్రోజ్ ఇంజెక్షన్లు, గుడ్డు, పాలు. ఇంతే చికిత్స.

37 వారాలు నిండిన మూడో రోజున మా దగ్గరే మామూలు కాన్పు అయింది. ఆడబిడ్డ. వెంటనే ఏడ్చింది. తూకంలో 2.26 కిలోలు. తక్కువ బరువు కిందికే వస్తుంది, కానీ పోయిన బిడ్డ కంటే 660 గ్రాములు ఎక్కువ. మాయ చిన్నగా ఉంది, అంచున పాత గడ్డకట్టిన రక్తం నల్లగా, వేలెడు వెడల్పున కనిపించింది. కాసేపు దాన్ని చూస్తూ నిలబడిపోయాను. అది ఇంకో రెండు వేళ్లు లోపలికి పాకి ఉంటే, ఆ రాత్రి దారిలోనే మా కథ ఇంకోలా ఉండేది.

కంగారూ పద్ధతిలో బిడ్డను రొమ్మున కట్టుకుని ఆమె పది రోజులు పడుకుంది. అత్త కూడా వంతు తీసుకుని, చుట్ట తాగిన చీర మార్చుకుని, మనవరాలిని గుండెకు ఆనించుకుంది. తంబాకు పూర్తిగా మానలేదు. ఆఖరి నెలలో రోజుకు ఒకటి రెండుసార్లు పెట్టుకున్నానని తానే చెప్పింది. ఆ మాట అడగకముందే చెప్పింది కాబట్టి, కేస్ షీట్‌లో నేను దాన్ని "మెరుగుదల" అన్న చోట రాశాను.

ఆరో నెలలో బిడ్డను చూపించడానికి వచ్చినప్పుడు బరువు 6.1 కిలోలు. అప్పటికి దసరా దగ్గరపడింది, మేస్త్రీ అడ్వాన్సు తెచ్చాడు. "ఈసారి పిల్లను ఎత్తుకొని పోతున్న మేడమ్, ఆడ దవాఖానల ఏం జెప్పాలె?" అని అడిగింది. తల్లీబిడ్డల కార్డు చివరి పేజీలో, అక్కడివాళ్లకు అర్థమయ్యేలా హిందీలో, పుట్టినప్పటి బరువు, వేయవలసిన టీకాలు, తల్లి హిమోగ్లోబిన్, రోజుకు ఒకసారి తంబాకు అని రాసి, కింద నా ఫోన్ నంబరు వేసి ఇచ్చాను. ఆమె ఆ కార్డును ప్లాస్టిక్ సంచిలో చుట్టి రొంటిన దోపుకుంది.